వేగుతున్న ముక్కకు జోలపాట

పోయిన నెల ఒక నాటిక పోటీలకి వెళ్లాను. ఊరి పేరు, పరిషత్తు పేరు ఇక్కడ అక్కర్లేదు. మూడో రోజు రాత్రి ఒక కుర్రాళ్ల బృందం హాస్య నాటిక వేసింది. ఇద్దరు అన్నదమ్ములు, ఆస్తి పంపకాలు, మధ్యలో అమ్మ వాడిన పాత రుబ్బురోలు. కథంతా అంతే. కానీ దానికి నాలుగు పాటలు కట్టుకున్నారు. రికార్డు పెట్టి పెదాలు ఆడించడం కాదు, హార్మోనియం, తబలా స్టేజీ పక్కనే పెట్టుకుని గొంతెత్తి పాడారు. రోలు తమ్ముడి వాటాకి పోయినప్పుడు పెద్దవాడు దాని చుట్టూ తిరుగుతూ అచ్చం అప్పగింతల పాట బాణీలో ఒక పాట అందుకున్నాడు. జనం పగలబడి నవ్వారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నవ్వుతూ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఫలితాలు చెప్పేముందు న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకు తీసుకుని, "సంగీతం చాలా బాగుంది. కానీ ఇంత మంచి సంగీతం ఇలాంటి కథకి దండగ. ఏదైనా బరువైన ఇతివృత్తానికి వాడుకుంటే బాగుండేది" అన్నారు. హార్మోనియం వాయించిన అబ్బాయి అప్పుడే పెట్టె మూత వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి పడుకున్నా ఆ మాట వదల్లేదు. సరిగ్గా ఇదే మాట 1867లో లండన్‌లో ఒక చిన్న సంగీత ప్రహసనం గురించి అన్నారు. అన్నవాడు సామాన్యుడు కాదు, తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న నాటక రచయిత డబ్ల్యూ. ఎస్. గిల్బర్ట్. ఆ ప్రహసనం పేరు 'కాక్స్ అండ్ బాక్స్'. దాన్ని నేను ఒకసారి కళ్లారా చూశాను. ఆ మాట తప్పని అప్పుడే అనిపించింది. ఎందుకు తప్పో ఇన్నాళ్లూ కూర్చుని ఆలోచించుకోలేదు. ఇప్పుడు ఆ పని చేస్తున్నాను.

ఒక గది, ఇద్దరు అద్దెవాళ్లు

కథ చెప్పకపోతే ముందుకి కదలదు. సార్జెంట్ బౌన్సర్ అనే మాజీ సైనికుడు ఒకే గదిని ఇద్దరికి అద్దెకిస్తాడు. కాక్స్ టోపీల దుకాణంలో పనివాడు, పగలంతా ఉండడు. బాక్స్ అచ్చాఫీసులో పనివాడు, రాత్రంతా ఉండడు. ఒకడి సంగతి ఇంకొకడికి తెలియదు. బౌన్సర్ ఇద్దరి దగ్గరా అద్దె తీసుకుంటూ, ఒకడు వెళ్లగానే వాడి సామాను కనపడకుండా సర్దేసి రెండోవాడికి గది సిద్ధం చేస్తుంటాడు. ఒకరోజు కాక్స్‌కి అనుకోకుండా సెలవు దొరుకుతుంది. తిరిగి గదికి వచ్చేస్తాడు. బండారం బయటపడుతుంది.

ఈ కథ చదివి నమ్మశక్యంగా లేదనేవాళ్లు 2006లో అమీర్‌పేటలో బతికి ఉండరు. నేను అప్పుడు కాల్ సెంటర్లో నైట్ షిఫ్టు. సాయంత్రం ఆరింటికి క్యాబ్ ఎక్కితే తెల్లారి ఏడింటికి గదికొచ్చి పడేవాణ్ణి. ఒక హాస్టల్లో చిన్న గది, ఒక్కడికే అని చెప్పి ఇచ్చారు. నాలుగు రోజులకే ఏదో తేడాగా అనిపించింది. నేను ఆముదం తప్ప ఇంకేదీ తలకి రాయను, దిండు మాత్రం కొబ్బరినూనె వాసన. సబ్బు వారానికే అరిగిపోయేది. ఒకరోజు జ్వరమొచ్చి రాత్రి పదకొండింటికే తిరిగొస్తే నా మంచం మీద నా దుప్పటే కప్పుకుని ఒకతను నిద్రపోతున్నాడు. మందుల షాపులో పనిచేస్తాడట, పొద్దున్న ఆరింటికి వెళ్లిపోతాడట. ఇద్దరం కలిసి కిందికి దిగి ఇంటాయన్ని నిలదీశాం. ఆయన ఏమాత్రం తొణక్కుండా, "మీరిద్దరూ ఒకే టైముకి పడుకోరు కదా తమ్ముడూ" అన్నాడు.

ఆ రాత్రి నాకు జ్వరం టాబ్లెట్ ఇచ్చింది ఆ కుర్రాడే. తర్వాత రెండేళ్లు ఇద్దరం వేరే గదిలో, రెండు మంచాలేసుకుని ఉన్నాం. అందుకే ఈ ప్రహసనం నాకు లండన్ కథగా ఎప్పుడూ అనిపించలేదు.

మూలం మార్టన్ రాసిన 'బాక్స్ అండ్ కాక్స్'. పాటల్లేని ప్రహసనం, ఫ్రెంచి నాటికల నుంచి అల్లుకున్నది. 1847 నవంబరులో లండన్ లైసియం థియేటర్లో మొదలై ఎంత పేరు తెచ్చుకుందంటే, ఇద్దరు ఒకే చోటుని వంతులవారీగా వాడుకోవడాన్ని ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ బాక్స్ అండ్ కాక్స్ అనే అంటారు. మాటలతోనే అంత నవ్వించిన నాటికకి మళ్లీ సంగీతం ఎందుకు? నా వాదనకి ఇదే పెద్ద అడ్డు. దీని దగ్గరికి తర్వాత వస్తాను.

పెద్దమనుషుల హాల్లో పియానో

1860లలో లండన్ కెన్సింగ్టన్‌లో మోరే లాడ్జి అని ఒక ఇల్లు. ఇంటాయన ఆర్థర్ లూయిస్ పట్టుబట్టల వ్యాపారి. ఆయన ఇంట్లో చిత్రకారులు, రచయితలు, గాయకులు చేరి పాటలు పాడుకునేవారు. అంతా మగవాళ్లే. మోరే మిన్‌స్ట్రెల్స్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్లలో జార్జ్ డు మోరియే ఒకడు. పంచ్ అనే హాస్య పత్రికకి బొమ్మలు వేసేవాడు, మంచి గొంతున్నవాడు. అతనూ హెరాల్డ్ పవరూ కలిసి ఒకసారి సంగీతకర్త ఆఫెన్‌బాక్ రాసిన ఇద్దరు గుడ్డివాళ్ల ప్రహసనం పాడారు. బాగా పండింది. ఇలాంటిదే ఇంకొకటి కావాలనుకున్నారు. నాటక రచయిత ఎఫ్. సి. బర్నాండ్‌కి అప్పుడు మార్టన్ నాటిక గుర్తొచ్చింది. సంభాషణలు చాలావరకు అలాగే ఉంచి మధ్యలో పాటలు రాసి, సంగీతకర్త ఆర్థర్ సలివాన్ చేతిలో పెట్టాడు.

1866 మే నెలలో బర్నాండ్ ఇంట్లో, పిలిచిన అతిథుల ముందు మొదటిసారి పాడారు. సలివాన్‌కి అప్పటికి 24 ఏళ్లు. పియానో దగ్గర కూర్చుని చాలా భాగం అప్పటికప్పుడు వాయించేశాడు. మార్టన్ నాటికలో ఇల్లు అద్దెకిచ్చేది మిసెస్ బౌన్సర్ అనే ఆవిడ. మగవాళ్ల గుంపు కాబట్టి ఆవిడ సార్జెంట్ అయిపోయింది. ఆ సర్దుబాటు వల్ల సలివాన్‌కి ఒక పాట దొరికింది. సైన్యంలో వెలగబెట్టిన రోజులు తలుచుకుంటూ బౌన్సర్ 'రాటప్లాన్' అంటూ నోటితో డప్పు కొడతాడు. ఆ రోజుల్లో పెద్ద ఆపెరాల్లో, డొనిజెట్టి దాంట్లో, మేయర్‌బేర్ దాంట్లో, సైనికుల రాటప్లాన్ పాటలు ఉండేవి. అద్దె దగ్గర మోసం చేసే ఇంటాయన అదే పౌరుషంతో అదే మాట పాడుతుంటే వినేవాడికి నవ్వు రాక చస్తుందా! ఈ నవ్వు మాటల్లో లేదు, బాణీలో ఉంది.

అదే 1866లో సలివాన్ సింఫనీ మొదటిసారి వినిపించారు. తండ్రి హఠాత్తుగా పోతే ఆయన జ్ఞాపకంగా ఇంకో వాద్యరచన చేసింది కూడా ఆ ఏడాదే. ఒకే మనిషి, ఒకే ఏడాది. తండ్రి కోసం రాసినవాడే బేకన్ అనే పంది మాంసం ముక్క కోసమూ రాశాడు. ఏదో ఒకదాంట్లో చెయ్యి తేల్చేశాడని నాకెక్కడా అనిపించదు.

బేకన్ ముక్క అన్నాను కదా, దాని దగ్గర కాస్త ఆగాలి. బాక్స్ రాత్రంతా అచ్చాఫీసులో పనిచేసి అలిసిపోయి గదికొస్తాడు. చేతిలో ఒక రొట్టె, ఒక బేకన్ ముక్క. పొయ్యి వెలిగించి, కమ్ముల పెనం మీద ముక్క వేస్తాడు. అది కాలేలోపు ఒక కునుకు తీద్దామనుకుంటాడు. తీసేముందు ఆ ముక్కకి జోలపాట పాడతాడు. బొగ్గుల మీద బజ్జో, నేను లేచేదాకా అక్కడే ఉండు అని. ఊయల ఊపుతున్నట్టే నడుస్తుంది ఆ పాట. వెక్కిరింత లేదు, వంకర లేదు. ఆ బాణీకి వేరే మాటలు పెడితే ఏ తల్లయినా నిజం బిడ్డకి పాడుకోవచ్చు.

మన ఇళ్లల్లో జో అచ్యుతానంద పాడే గొంతుతో, అంతే నెమ్మదిగా, ఎవరైనా పెనం మీది దోసె కోసం పాడుతున్నట్టు ఊహించుకోండి. వెకిలిగా పాడితే రెండో చరణానికి విసుగొస్తుంది. నిజంగా పాడితే, అలిసిపోయి ఒంటరిగా ఉన్న మనిషి కనపడతాడు. ఆ గదిలో వాడి కోసం ఎదురుచూసేది ఆ ముక్క ఒక్కటే.

నేను చూసింది 2014లో. ఆఫీసు పని మీద ఆరు నెలలు ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో ఉన్నాను. ఆఫీసులో ఒకావిడ ఊరి నాటక బృందంలో పాడేది, ఆవిడే టికెట్ ఇచ్చింది. చర్చి పక్కన హాలు, మడత కుర్చీలు, ఓ నలభై మంది జనం, ఒక్క పియానో. బాక్స్ వేసినాయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. బేకన్ బదులు ఎర్ర గుడ్డ ముక్క. దాన్ని పెనం మీద పరిచి, అంచులు వేలితో సరిచేశాడు, పసిబిడ్డ కాళ్లకి దుప్పటి సరిచేసినట్టు. తర్వాత వంగి పాడాడు. హాల్లో మొదట నవ్వు. రెండో చరణానికి నవ్వు ఆగి అందరూ చెవులు రిక్కించారు. పాట అయ్యాక మళ్లీ నవ్వు, ఈసారి ఇంకా పెద్దది. మధ్యలో వచ్చిన ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తు. పరిషత్తులో రోలు పాట అప్పుడు కూడా సరిగ్గా అలాంటి నిశ్శబ్దమే వచ్చింది.

గిల్బర్ట్ అన్నది

1867 ఏప్రిల్‌లో పంచ్ బొమ్మల కళాకారుడు చార్లెస్ బెన్నెట్ చనిపోయాడు. కుటుంబానికి ఆధారం లేదు. స్నేహితులు డబ్బు పోగుచేయడానికి మే 11న అడెల్ఫీ థియేటర్లో ఒక ప్రదర్శన పెట్టారు. ఇంట్లో పాడుకున్న 'కాక్స్ అండ్ బాక్స్' బయటి జనం ముందుకి వచ్చింది అప్పుడే. ప్రదర్శన దగ్గరపడ్డాక సలివాన్ హడావిడిగా దానికి ఆర్కెస్ట్రా కూర్చాడు. డు మోరియే బాక్స్ వేశాడు.

గిల్బర్ట్ అప్పుడు 'ఫన్' అనే పత్రికకి రాస్తున్నాడు. ప్రదర్శన చూసి రాసిన సారాంశం ఇది: ఇంత వింత కథకి సలివాన్ సంగీతం చాలాచోట్ల మరీ ఉన్నతంగా ఉంది, అక్కడక్కడా నవ్వు పుట్టిస్తుంది, మిగతాచోట్ల గంభీరంగానో సుకుమారంగానో ఉంది, ఆ గంభీరానికి, సుకుమారానికి రావలసినదానికన్నా ఎక్కువ వాటా దక్కింది. మా న్యాయనిర్ణేతగారి మాటకి ఇది అన్నలాంటిది.

నిజాయితీగా చెప్పాలంటే, గిల్బర్ట్ మాటలో కొంత పస ఉంది. మాటల మనిషి ఆయన. సంగీతం పెద్దదైతే మాట వినపడదు. మాట వినపడకపోతే హాస్యం పోతుంది. నేను చూసిన ప్రదర్శనలో కూడా ముగ్గురూ కలిసి పాడేచోట ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంగ్లీషు నా భాష కాకపోవడం ఒక కారణమైతే, పక్కనున్న ఇంగ్లీషు ఆవిడ కూడా అటూ ఇటూ చూడడం ఇంకో సాక్ష్యం. మన పద్యనాటకాల్లో ఈ బాధ ఎప్పటినుంచో ఉంది. రాగాలాపన మొదలైతే పద్యం ఏ పాదంలో ఉందో తెలియదు. జనం వన్స్‌మోర్ అంటారు, కథ అక్కడే ఆగిపోతుంది.

కానీ తర్వాత ఏం జరిగిందో చూడాలి. ఈ ఇద్దరే కలిసి 14 సంగీత నాటకాలు చేశారు. అందులో గిల్బర్ట్ పట్టు చాలావరకు నెగ్గింది, ప్రతి మాటా వినపడాల్సిందే. 1884కి వచ్చేసరికి సలివాన్ విసిగిపోయాడు. ఒక్క అక్షరం కూడా పోకూడదని తన సంగీతాన్ని ఎప్పుడూ అణిచిపెట్టుకుంటూ వస్తున్నానని గిల్బర్ట్‌కే ఉత్తరం రాశాడు. ఆ గొడవకి బీజం నాకు 1867 నాటి ఆ విమర్శలోనే కనిపిస్తుంది. కలిసి పనిచేయకముందే ఒకరి పని గురించి ఇంకొకరు ఏమనుకున్నారో అచ్చులో ఉంది.

గిల్బర్ట్ దృష్టిలో సంగీతం కథని మోసే బండి. 'కాక్స్ అండ్ బాక్స్'లో అది అలా ఉండదు. అక్కడ సంగీతానికి కథ ఇంత అల్పమైనదని తెలియదు. తెలియనట్టే, ప్రాణం పెట్టి పాడుతుంది. టోపీల పనివాడూ అచ్చు పనివాడూ తమ బతుకుని అలాగే అనుకుంటారు కదా, చిన్నదని వాళ్లకి తెలియదు. వాళ్లకి ఆ ముక్కే భోజనం, ఆ గదే ఇల్లు. పైనుంచి చూసేవాడికి అది వింత కథ. లోపలున్నవాడికి కాదు. సలివాన్ లోపలివైపు నిలబడి రాశాడని నా నమ్మకం.

ఇప్పుడు ఇందాక వదిలేసిన ప్రశ్న. మార్టన్ మాటలతోనే నవ్వించాడు కదా, పాట ఎందుకు? మాటల నాటికలో బాక్స్ ముక్క వేసి పడుకుంటాడు, కాక్స్ వస్తాడు, దాన్ని తీసేసి తన మాంసం ముక్క వేస్తాడు, బాక్స్ లేచి దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేస్తాడు, కాక్స్ వచ్చి బేకన్‌ని విసిరేస్తాడు. చకచకా సాగిపోతుంది. నవ్వొస్తుంది, పోతుంది. జోలపాట విన్నాక ఆ బేకన్ కిటికీలోంచి వెళ్లినప్పుడు మాత్రం హాల్లో "అయ్యో" అని వినపడింది. నవ్వుతోపాటే వినపడింది. ఎర్ర గుడ్డ ముక్క కోసం నలభై మంది అయ్యో అన్నారు. మాటల నాటికకి ఆ అయ్యో రాదని అనను, ఎవరైనా గొప్ప నటుడు రప్పించవచ్చు. పాట ఉంటే మాత్రం చర్చి హాల్లో పాడే మామూలు మనిషి కూడా రప్పించగలడు.

నాటకశాల అని పిలవని నాటకశాల

దీని తర్వాత మజిలీ నాకు చాలా ఇష్టం. 1869 మార్చి 29న రీజెంట్ స్ట్రీట్‌లో రాయల్ గ్యాలరీ ఆఫ్ ఇలస్ట్రేషన్‌లో ఇది వృత్తి కళాకారుల చేతికి వచ్చింది. గ్యాలరీ అంటే బొమ్మల ప్రదర్శనశాల కాదు, నాటకశాలే. ఆ పేరు పెట్టుకోడానికి కారణం ఉంది. అప్పట్లో లండన్ పరువుగల కుటుంబాలు థియేటర్ గడప తొక్కడానికి జంకేవి. నాటకాల వాడికి పిల్లనివ్వం అనే మాట మన ఊళ్లల్లో విన్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకని జర్మన్ రీడ్ దంపతులు తమ హాలుకి థియేటర్ అనే పేరే లేకుండా చేసి, కుటుంబంతో వచ్చి చూసే శుభ్రమైన వినోదం పెట్టారు. తక్కువమంది నటులు, చిన్న హాలు. వాద్యాలు పియానో, హార్మోనియం, అప్పుడప్పుడు హార్ప్.

హార్మోనియం అన్న మాట మొదటిసారి చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా నాన్న ముప్పై ఏళ్లు పద్యనాటకాలకి హార్మోనియం వాయించారు.

అక్కడ ఆర్థర్ సిసిల్ బాక్స్, జర్మన్ రీడ్ కాక్స్. దాదాపు ఏడాది, రెండున్నర వందల ప్రదర్శనలకు పైగా ఆడింది. అదే కార్యక్రమంలో ఇంకో నాటిక 'నో కార్డ్స్'. దాని రచయిత ఎవరనుకున్నారు, గిల్బర్టే. సలివాన్ సంగీతం ఎక్కువైందన్న గిల్బర్ట్ నాటికా, ఆ సంగీతమూ నెలల తరబడి ఒకే స్టేజీ మీద ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. ఆ హాలు చుట్టూ తిరిగే స్నేహితుల ద్వారానే ఇద్దరికీ పరిచయమైంది.

అన్ని రాత్రులు జనం ఎందుకొచ్చారో ఆలోచిస్తే నాకు తోచేది ఆ హాలు కొలత. చిన్న హాల్లో జోలపాటకి గొంతు పెంచక్కర్లేదు. గిల్బర్ట్ విన్నది పెద్ద థియేటర్లో, హడావిడిగా సిద్ధమైన ఆర్కెస్ట్రాతో, ఒకే ఒక్క మధ్యాహ్నం. ఆయన తీర్పులో సగం దోషం థియేటర్‌ది అయి ఉండొచ్చు. ఇది నా అనుమానమే. అయినా పాట ఎంత పెద్దది అనేది గది చెప్పాలి, కథ కాదు.

కత్తెర

తర్వాత ఈ నాటికకి పట్టిన గతి గురించి నాకే రెండు అభిప్రాయాలున్నాయి. సలివాన్ పేరు గిల్బర్ట్ పేరుతో కలిసిపోయాక, ఇది ఒక మూలకి చేరింది. 1894 డిసెంబరు చివర్లో సవాయ్ థియేటర్లో, బర్నాండ్‌తోనే సలివాన్ చేసిన 'ది చీఫ్‌టెన్' అనుకున్నంతగా ఆడకపోతే, దానికి తోడుగా దీన్ని చేర్చారు. అప్పటినుంచి దీని ఉద్యోగం అదే, పెద్ద నాటకం పక్కన ఖాళీ పూరించడం. 1921లో గిల్బర్ట్, సలివాన్ల నాటకాలు ఆడే డాయిలీ కార్ట్ కంపెనీ దీన్ని తమ జాబితాలోకి తీసుకుంది. గిల్బర్ట్, సలివాన్ల నాటకాల్లో కొన్ని రాత్రంతటికీ సరిపోవు కాబట్టి ముందు ఒక చిన్న నాటిక కావాలి. గంటసేపటి 'కాక్స్ అండ్ బాక్స్'ని సుమారు అరగంటకి కత్తిరించారు. పాటల్లో చరణాలు పోయాయి, సంభాషణల్లో పేజీలు పోయాయి.

కత్తిరించినందువల్లే బతికింది అనేవాళ్లున్నారు. అది అబద్ధం కాదు. ఆ అరగంట రూపం 1977 దాకా ఊళ్లు తిరిగింది. కొత్తగా చేరిన గాయకులకి, పెద్ద పాత్రలు ఇంకా దక్కనివాళ్లకి ఇందులో చోటు దొరికింది. ముగ్గురు మనుషులు, ఒక గది, ఒక పియానో ఉంటే చాలు కాబట్టి ఊరూరా ఔత్సాహికులు ఎత్తుకున్నారు. నేను చూసిన హాలు దాకా ఈ నాటిక వచ్చింది ఆ దారినే.

మనకి ఇది కొత్త కాదు. 'సత్య హరిశ్చంద్ర' మొత్తం ఎంతమంది చూశారు? కాటిసీను చూసినవాళ్లు లక్షలమంది. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాల్లో రాయబారం సీను ఒక్కటే సగం రాత్రి పట్టేది, మిగతాది పుస్తకంలోనే ఉండిపోయింది. 1892లో విజయనగరంలో మొదలైన 'కన్యాశుల్కం' ప్రయాణం కూడా ఎక్కువగా కుదించిన రూపంలోనే సాగింది. కత్తెర పడిన నాటకాలు చూసే మా తరం నాటకాన్ని ప్రేమించింది. దాన్ని కాదనను.

కానీ ఎక్కడ కత్తెర పడుతుందో గమనించండి. కాటిసీను మిగిలింది అంటే మనవాళ్లు ఏడుపుని అట్టిపెట్టుకున్నారు. హాస్యం దగ్గరికొచ్చేసరికి ముందు పాట పోతుంది. మాట నవ్విస్తుంది కదా, పాట ఎందుకు అనే లెక్క. 1921లో కూడా ఇంచుమించు ఆ లెక్కే పనిచేసిందని నా అభిప్రాయం. నాటిక వేగం పెరిగింది, నిలబడి వినే చోటు తగ్గింది. పూర్తి రూపం చూసి తర్వాత రికార్డింగులో అరగంట రూపం వింటే, ఏదో రైలు అందుకోవాలన్నట్టు పరిగెత్తే ఇద్దరు మనుషులు వినపడ్డారు. పెనెలొపీ యాన్ అనే విధవరాలి గొడవ, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఆవిడతో పెళ్లి ఒప్పుకుని తప్పించుకోవాలనుకోవడం, ఆవిడ మునిగిపోయిందని ఉత్తరం రాగానే ఆస్తి కోసం ఇద్దరూ నాదంటే నాదని మీదపడటం, బతికే ఉందని తెలిసి నీదంటే నీదని తోసుకోవడం, ఇవన్నీ వేగంగా ఉన్నా పర్వాలేదు. చివర్లో ఆవిడ నాక్స్ అనే ఇంకొకణ్ణి చేసుకుంటుంది. ఊపిరి పీల్చుకుని కాక్స్, బాక్స్ ఒకరినొకరు చూసుకుంటారు. నీ ఎడమ చేతి మీద పుట్టుమచ్చ ఉందా అని ఒకడు అడుగుతాడు. లేదు అంటాడు రెండోవాడు. అయితే నువ్వే నా తమ్ముడివి!

పుట్టుమచ్చ లేకపోవడమే రుజువు. పాత మెలోడ్రామాల మీద అది చెణుకు అని విమర్శకులు రాస్తారు, నిజమే. నాకు మాత్రం అమీర్‌పేట రాత్రి గుర్తొస్తుంది. ఒకే దిండు మీద పడుకున్న ఇద్దరికి ఇంకేం పుట్టుమచ్చ కావాలి? అక్కడ సంగీతం తీరిగ్గా ఉంటే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. తొందరగా ఉంటే చెణుకుగానే మిగిలిపోతుంది.

నాన్న హార్మోనియం

పరిషత్తు నుంచి వచ్చిన మర్నాడు తెనాలి వెళ్లాను. నాన్నకి 78. స్టేజీలు మానేసి పదేళ్లయింది. హార్మోనియం మాత్రం మంచం పక్కనే, పైన పాత పంచె కప్పి ఉంటుంది. జరిగింది చెప్పాను. న్యాయనిర్ణేతగారి మీద కోపంగా ఏమైనా అంటారనుకున్నాను. అనలేదు. "హాస్యానికి వాయించేటప్పుడే శ్రుతి జాగ్రత్తగా చూసుకోవాలిరా. ఏడుపు సీన్లో స్వరం కాస్త అటూ ఇటూ అయినా జనం ఏడుస్తారు. నవ్వేచోట తప్పు పోతే మననే చూసి నవ్వుతారు" అన్నారు.

ఫోన్లో బేకన్ జోలపాట పెట్టాను. ఇంగ్లీషు రాదు ఆయనకి. కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నారు. మూడోసారి పంచె తీసి, బెల్లోస్ మీద ఎడమ చెయ్యి వేసి వెతకడం మొదలుపెట్టారు. వేళ్లు వణుకుతున్నాయి, అయినా పల్లవి దొరికింది.

"జోలపాటే కదా. ఎవరి పిల్లాడికి?" అన్నారు.

"పిల్లాడికి కాదు నాన్నా. పెనం మీద వేగుతున్న మాంసం ముక్కకి."

ఆయన నవ్వుతారని చూశాను. నవ్వలేదు. కాసేపు మెట్ల మీద వేళ్లు అలాగే ఉంచి, "పాడేవాడు ఆకలి మీదున్నాడా?" అని అడిగారు.

"రాత్రంతా డ్యూటీ చేసొచ్చాడు. పాడి నిద్రపోతాడు. ఈలోపు ఇంకొకడొచ్చి ఆ ముక్క తీసేస్తాడు."

"అట్లాగా," అన్నారు. "అయితే మనం వాయించింది స్పీడెక్కువైంది." బెల్లోస్ మళ్లీ తెరిచి, ఇంకాస్త నెమ్మదిగా మొదట్నుంచి అందుకున్నారు.